లంబసింగి చలి చాలదు.. గజిబిజిలో ఆగిపోయే పరమాణువు కథ!

డిసెంబరు వచ్చిందంటే మా నర్సీపట్నానికి అర్ధరాత్రి కూడా నిద్ర ఉండదు. బైకులు, కార్లు వరస కట్టేస్తాయి. అందరి దారీ ఒకటే.. ఘాట్ రోడ్డు ఎక్కాలి, తెల్లారేసరికి లంబసింగిలో ఉండాలి, మంచులో సెల్ఫీ దిగాలి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట ఉండిపోతే తెల్లారేసరికి మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందంటారు.

సున్నా డిగ్రీలంటే మనకు వణుకు. కానీ కొన్ని ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు అది మండువేసవి! ప్రకృతిలో చలికి ఆఖరి గీత మైనస్ 273 డిగ్రీల దగ్గర ఉంది. ఆ ల్యాబుల్లో పరమాణువులను ఆ గీతకు ఎంత దగ్గరకు తీసుకెళ్తారంటే, ఒక డిగ్రీని కోటి భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు కూడా మిగలవు.

అంత చలిలో పరమాణువు ఓ వింత పని చేస్తుంది. దారిలో చిన్నచిన్న అడ్డంకులు గజిబిజిగా పడి ఉంటే, వాటిని దాటే శక్తి ఉండి కూడా ఆగిపోతుంది. ఆ గజిబిజిలో చిన్న లంకె పెడితే మళ్లీ కదులుతుంది. ఈ కథ మీకెందుకంటే.. అమరావతికి వస్తుందంటున్న క్వాంటమ్ కంప్యూటర్ గుండెలో ఉన్న సమస్య కూడా ఇదే.

ఈమధ్య మా ఊరి డిగ్రీ కుర్రాళ్లు కనిపిస్తే చాలు, ‘‘అన్నా, మూడు నెలల క్వాంటమ్ కోర్సంట.. డబ్బులు కట్టెయ్యమంటావా?’’ అని అడుగుతున్నారు. కట్టే ముందు ఈ ఒక్క కథ చదవండి అన్నదే నా జవాబు. ఇది అర్థమైతే ఆ కోర్సులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

అంత చలి ఎందుకు?

ప్రతి పరమాణువూ లోపల ఒక అల. వేగంగా పోతున్నప్పుడు ఆ అల పొడవు మరీ చిన్నది కాబట్టి మనకు గోళీలాగే కనిపిస్తుంది. గది వేడిలో రుబీడియం పరమాణువు సెకనుకు దాదాపు మూడొందల మీటర్లు పరిగెడుతుంది. అప్పుడు దాని అల పొడవు పరమాణువు సైజుకన్నా తక్కువ. వేగం తగ్గేకొద్దీ అల సాగుతుంది. చీమ నడక కన్నా నెమ్మదైతే అల పొడవు మైక్రాన్లలోకి వస్తుంది. లేజర్ వెలుగుతో గీసిన గుట్టలు, గుంటలు కూడా ఆ సైజులోనే ఉంటాయి కాబట్టి అప్పుడు వాటి మధ్య అల ఆట చూడొచ్చు.

చల్లబరచడం రెండు అంచెల్లో జరుగుతుంది. ముందు అన్ని వైపుల నుంచీ లేజర్ కాంతితో పరమాణువులను ఎదురు తోసి వేగం తగ్గిస్తారు. తర్వాత బాగా వేడిగా ఉన్నవాటిని బయటికి పోనిస్తారు. మన చింతపల్లి కాఫీ మీద ఊదితే ఆవిరి పోయి కప్పులో మిగిలింది చల్లారినట్టే. అలా చల్లారిన పరమాణువులన్నీ చివరికి ఒకే అలగా కలిసిపోతాయి.

దీని పేరులో మనవాడు ఉన్నాడు. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ పంపిన వ్యాసం చదివి ఐన్‌స్టీన్ ఈ స్థితిని ఊహించాడు. అందుకే బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ అంటారు. 1995లో అమెరికాలోని కొలరాడోలో కార్నెల్, వీమన్ రుబీడియంతో దాన్ని తయారు చేసి చూపించారు.

ఇక లాటిస్. ఎదురెదురుగా రెండు లేజర్ కిరణాలు పంపితే వెలుగు, చీకటి, వెలుగు, చీకటి అని చారలు పడతాయి. పరమాణువులకు అది కోడిగుడ్ల ట్రేలా ఉంటుంది. ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు. తేడా ఒక్కటే.. ఈ గుడ్లు పక్క గుంటలోకి జారిపోగలవు. గుంటలన్నీ ఒకేలా ఉంటే అల హాయిగా ట్రే అంతా పాకుతుంది.

ఆండర్సన్ చెప్పిన వింత

1958లో ఫిలిప్ ఆండర్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక ప్రశ్న వేసుకున్నాడు. ఆ గుంటల లోతులు ఇష్టమొచ్చినట్టు మారిపోతే ఏమవుతుంది? అప్పటిదాకా అందరి ఊహా ఒకటే.. అల అటూ ఇటూ తడబడుతూ, కాస్త నెమ్మదిగానైనా పాకుతూనే ఉంటుందని. ఆండర్సన్ లెక్క వేరేలా చెప్పింది. గజిబిజి తగినంత ఉంటే అల నెమ్మదించదు, పూర్తిగా ఆగిపోతుంది! మొదలైనచోటి చుట్టూనే ముడుచుకుని ఉండిపోతుంది. దీన్నే ఆండర్సన్ లోకలైజేషన్ అంటారు.

ఎలా? ప్రతి అడ్డంకీ అలలో కాస్త ముక్కను వెనక్కి కొడుతుంది. ఆ ముక్కలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ముందుకు పోవాల్సిన దిక్కులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, వెనక్కి వచ్చే దిక్కులో చేయీ చేయీ కలుపుతాయి. గోళీకి ఈ కష్టం లేదు, ఎందుకంటే గోళీ తనతో తాను కలవలేదు. అల కలవగలదు.

మొదట్లో దీన్ని నమ్మినవాళ్లు చాలా తక్కువని ఆండర్సనే తర్వాత తన నోబెల్ ప్రసంగంలో చెప్పుకున్నాడు. ఆ నోబెల్ 1977లో వచ్చింది. రెండేళ్లకు, 1979లో, నలుగురు కలిసి ఇంకో గట్టి మాట చెప్పారు. ఆ నలుగురిలో ఆండర్సన్ ఒకడైతే, మన దేశానికి చెందిన టి.వి. రామకృష్ణన్ ఇంకొకరు. వాళ్లు చెప్పింది ఇదీ: సన్నటి గీత లాంటి దారిలోనైనా, పలచటి రేకు లాంటి తలం మీదైనా, ఎంత చిన్న గజిబిజి ఉన్నా అల చివరికి ఆగాల్సిందే. మూడు దిక్కులూ తెరిచి ఉన్నచోట మాత్రమే తప్పించుకునే వీలుంది.

ఈ మాటలో ఒక షరతు దాగి ఉంది. ఆ గజిబిజిలో ఒక గుంటకీ పక్క గుంటకీ ఏ సంబంధమూ ఉండకూడదు. ప్రతి గుంట లోతూ విడిగా బొమ్మా బొరుసూ వేసి తేల్చినట్టు ఉండాలి. మరి సంబంధం ఉంటే? అసలు కథ అక్కడ మొదలవుతుంది.

రేకుల మీద వాన, డప్పు మీద దెబ్బ

మా ఘాట్ రోడ్డునే తీసుకోండి. కింద నుంచి పైకి వందల మీటర్లు ఎక్కుతాం. కానీ మెలికలు తిరుగుతున్నామే తప్ప కుదుపు తెలీదు. అదే ఊళ్లో నాలుగంగుళాల స్పీడ్ బ్రేకరు మీద బండి ఎగిరిపడుతుంది. ఎందుకు? ఘాట్ రోడ్డులో ఇక్కడి ఎత్తు తెలిస్తే, అడుగు అవతలి ఎత్తు ఎంతో దాదాపు చెప్పేయొచ్చు. ఎత్తులకు లంకె ఉంది. స్పీడ్ బ్రేకరు అలా కాదు, చెప్పకుండా వచ్చేస్తుంది. అంటే ఎంత ఎత్తుపల్లాలున్నాయన్నది ఒక్కటే లెక్క కాదు, ఎత్తులు పక్కపక్కన ఎలా కూర్చున్నాయన్నదీ లెక్కే.

అలకైతే ఇది ఇంకా కచ్చితంగా వర్తిస్తుంది. ఒక అలను గట్టిగా వెనక్కి కొట్టాలంటే అడ్డంకుల మధ్య దూరం ఆ అల పొడవులో సగం ఉండాలి. అప్పుడు రెండో అడ్డంకి నుంచి వెనక్కి వచ్చే ముక్క సరిగ్గా ఒక అల పొడవు ఎక్కువ నడిచి, మొదటి ముక్కతో అడుగు కలుపుతుంది. కాబట్టి ఏ అలైనా గజిబిజిలో తన సగం పొడవున్న లయ కోసం వెతుకుతుంది. దొరికితే ఆగిపోతుంది.

రేకుల షెడ్డు మీద వాన పడుతుంటే వినండి. అందులో ఒక లయంటూ లేదు, అంటే అన్ని లయలూ ఉన్నాయి. ఏ లంకే లేని గజిబిజి అలాంటిది. ఏ అల వచ్చినా దాన్ని ఆపే లయ అందులో ఉంటుంది. అందుకే అన్నీ ఆగిపోతాయి. జాతరలో డప్పు వేరు. ఎన్ని దరువులు మారినా అందులో కొన్ని లయలే ఉంటాయి, కొన్ని ఉండవు. లంకె ఉన్న గజిబిజి అలాంటిది. అందులో లేని లయ కోసం వెతికే అలకు ఎదురుదెబ్బ తగలదు, అది దూసుకుపోతుంది.

ఇంకో వైపు కూడా ఉంది. ఏదైనా లయ అందులో మామూలుకన్నా బలంగా ఉంటే, ఆ లయకు దొరికే అల మరింత గట్టిగా ఇరుక్కుంటుంది. లంకె అనేది ఎప్పుడూ విడుదల కాగితమే కాదు, కొన్నిసార్లు బిగించే తాడు కూడా.

1999లో ఇజ్రాయెలెవ్, క్రోఖిన్ అనే ఇద్దరు దీనికి లెక్క కట్టారు. మరుసటి ఏడాది జర్మనీలోని మార్బర్గ్‌లో మైక్రోవేవ్‌లు వెళ్లే సన్నటి గొట్టంలో వంద మరలు దింపి పరీక్షించారు. ఏ మర ఎంత లోతు దిగాలో ఆ లెక్క చెప్పింది. చూడ్డానికి గజిబిజే. కానీ లెక్క చెప్పిన ఫ్రీక్వెన్సీల దగ్గర అలలు దాటిపోయాయి, మిగతా చోట్ల ఆగిపోయాయి.

పరమాణువులతో పట్టుకున్నది 2008లో

మరి పరమాణువులతో? ఆండర్సన్ చెప్పిన యాభై ఏళ్లకు, 2008 జూన్‌లో, నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు ప్రయోగాలు అచ్చేసింది. ఒకటి ప్యారిస్ శివార్లలోని పలేజోలో, అలెయిన్ ఆస్పెక్ట్ ఉన్న బృందానిది. 2022లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన ఆస్పెక్టే ఆయన. రెండోది ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, మాసిమో ఇంగూషియో బృందానిది.

పలేజో వాళ్లు లేజర్ కాంతిని గరుకు గాజు గుండా పంపారు. చిన్న లేజర్ లైటు గోడ మీద వేస్తే చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది, చూసే ఉంటారు. అదే గజిబిజి. దాన్ని సన్నటి గొట్టంలాంటి లేజర్ దారిలో ఉన్న రుబీడియం పరమాణువుల మీద వేశారు. ఆ చుక్కల ఎత్తు పరమాణువుల శక్తిలో ఎనిమిదో వంతు మాత్రమే. గోళీలైతే వాటిని లెక్కచెయ్యకుండా దాటిపోవాలి. కానీ సెకనుకు రెండు మిల్లీమీటర్ల వేగంతో బయల్దేరిన ఆ అల కాసేపట్లోనే ఆగిపోయింది. అంచుల్లో పరమాణువుల సంఖ్య ఎలా తగ్గుతోందో ఫొటో తీసి చూస్తే, ఆండర్సన్ చెప్పిన ఆకారమే.

ఇక్కడే లంకె బయటపడింది. లేజర్ చుక్కకు ఒక సైజు ఉంటుంది. వాళ్ల ఏర్పాటులో అది పావు మైక్రాన్ తరహాలో ఉంది. వెంట్రుక మందాన్ని రెండొందల ముక్కలకు పైగా చేస్తే ఒక ముక్కంత. ఆ చుక్క లోపల వెలుగు ఒక్కసారిగా మారలేదు. కాబట్టి మరీ పొట్టి లయలు ఆ గజిబిజిలో ఉండవు. అంటే మరీ పొట్టి అలలను అది సరిగ్గా పట్టుకోలేదు. లెక్క వేస్తే ఆ గీత 1.6 మైక్రాన్ల అల పొడవు దగ్గర పడుతుంది.

మొదటి ప్రయోగంలో పరమాణువుల అల ఆ గీతకన్నా పొడుగ్గా ఉంది. బాగా ఆగింది. తర్వాత ఎక్కువ పరమాణువులు నింపారు. అవి ఒకదాన్నొకటి తోసుకుని వేగం పెరిగి, అల పొట్టిదై గీత దాటింది. పట్టు సడలింది! అంచుల్లో సంఖ్య చప్పున పడిపోకుండా, తోకలా మెల్లగా సాగింది. గీత లాంటి దారిలో ప్రతి అలా ఒకేలా ఆగాలన్న చోట, గజిబిజిలోని చిన్న లంకె రెండు రకాల బతుకులను విడదీసింది.

ఇద్దరిద్దరుగా వస్తే

లంకెకు ఇంకా తేలికైన రూపం ఒకటుంది. 1990లో డన్‌లాప్, వూ, ఫిలిప్స్ అనే ముగ్గురు దాన్ని చూపించారు. గుంటలు రెండు రకాలు అనుకోండి. ఎర్రవి, తెల్లవి. ఏది ఎక్కడ రావాలో ఇష్టం. ఒకే ఒక్క నియమం.. ఎర్ర గుంట ఎప్పుడూ జంటగానే రావాలి. అంతే! ఒక ప్రత్యేక శక్తి ఉన్న అలకు, జంటలో మొదటి గుంట కొట్టిన ఎదురుదెబ్బను రెండోది రద్దు చేస్తుంది. ఆ అల దృష్టిలో జంట అక్కడ లేనట్టే. ఎన్ని జంటలు ఎక్కడ పడేసినా అది నేరుగా పోతుంది. 1999లో సెమీకండక్టర్ పొరలను ఇలా జంటలుగా పేర్చి, కరెంటు నిజంగానే బాగా పారుతుందని చూపించారు.

ఫ్లోరెన్స్ వాళ్లది మూడో దారి. 1032 నానోమీటర్ల లేజర్‌తో ఒక ట్రే గీశారు. దాని మీద 862 నానోమీటర్ల లేజర్‌తో ఇంకో ట్రే పరిచారు. రెండు దరువుల లెక్క కలవదు కాబట్టి గుంటల లోతులు గజిబిజిగా కనిపిస్తాయి, కానీ ప్రతిదీ ముందే తేలిపోయి ఉంటుంది. లంకె పరాకాష్ఠకు చేరిన గజిబిజి ఇది. 1980లో ఆబ్రీ, ఆండ్రే అనే ఇద్దరు దీని గురించి చెప్పిన లెక్క ముచ్చటగా ఉంటుంది. పక్క గుంటలోకి జారే బలానికి గజిబిజి రెండింతలు దాటిందా, అలలన్నీ ఆగిపోతాయి. దాటలేదా, అన్నీ పారుతాయి. మధ్యస్థం లేదు! ఫ్లోరెన్స్‌లో పొటాషియం పరమాణువులతో ఈ మార్పు కళ్లారా చూశారు.

మన దేశంలోనూ ఇలాంటి పని జరిగింది. పుణే ఐసర్ బృందం చల్లటి పరమాణువులను లేజర్ దెబ్బలతో కొట్టి, 2017లో ఫలితాలు ప్రచురించింది. అక్కడ గజిబిజి స్థలంలో కాదు, కాలంలో ఉంది. ఆ దెబ్బల వరసను ఒక ప్రత్యేక పద్ధతిలో చెదరగొడితే, లోకలైజేషన్ మామూలుగా ఊహించే దానికన్నా నెమ్మదిగా చెదిరింది. అంటే ఇక్కడా గజిబిజి ఎంత అన్నదానితో పాటు ఎలాంటిది అన్నదీ ముఖ్యమే.

అమరావతికి దీంతో పనేంటి?

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. కేంద్రం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ చిప్ ఉన్న క్వాంటమ్ కంప్యూటర్ పెడతామని ప్రకటించాయి.

క్యూబిట్ అంటే ఆ చిప్ మీది చిన్న సర్క్యూట్. ప్రతిదానికీ ఒక శ్రుతి ఉంటుంది. ఒకే శ్రుతిలో ఉన్న రెండు తంబురాలు పక్కపక్కన పెట్టి ఒకటి మీటితే రెండోది తనంత తానే మోగుతుంది. క్యూబిట్లూ అంతే. పక్కపక్కవి ఒకే శ్రుతిలో ఉంటే ఒకదానిలో దాచిన సమాచారం ఇంకోదానిలోకి జారిపోతుంది. అందుకే ఇలాంటి చిప్‌లు చేసేవాళ్లు శ్రుతులను కావాలని కాస్త కాస్త తేడాగా ఉంచుతారు. అంటే గజిబిజి ఇక్కడ లోపం కాదు, తాళం! ఆండర్సన్ అలను ఆపిన చెయ్యే ఇక్కడ సమాచారాన్ని దాని గదిలో కూర్చోబెడుతోంది.

2022లో జర్మనీ పరిశోధకులు నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక హెచ్చరిక చేశారు. ఈ తాళం చాలినంత బిగువుగా లేకపోతే క్యూబిట్లన్నీ కలిసి గందరగోళంలో పడతాయని, కొన్ని డిజైన్లు ఆ అంచుకు దగ్గరగా ఉన్నాయని వాళ్ల లెక్కల్లో తేలింది. ఆ బృందంలో ఉన్న డేవిడ్ డివిన్‌సెంజో ఇంకొకరితో కలిసి తర్వాత ఇంకో లెక్క వేశాడు. శ్రుతులను గుడ్డిగా చల్లడం కన్నా, ఫ్లోరెన్స్ ట్రేల మాదిరి ఒక లెక్క ప్రకారం మారుస్తూ పోతే తాళం ఇంకా బాగా పడుతుందని చూపించాడు. హెరాన్‌లో ఇంకో దారి పట్టారు. క్యూబిట్ల మధ్య లంకెను అవసరమైనప్పుడే తెరిచే కప్లర్లు పెట్టారు.

చాలా పరమాణువులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నా ఆగి ఉండగలవా అన్నది వేరే ప్రశ్న. 2015లో జర్మనీలోని మ్యూనిక్‌లో దీన్నీ పరీక్షించారు. రెండు లేజర్ల ట్రేలో సరి గుంటలు మాత్రమే నింపి, బేసివి ఖాళీగా వదిలారు. గజిబిజి తక్కువైతే కాసేపటికి అంతా సమానమైపోయింది. ఎక్కువైతే సరి గుంటల్లోవి చాలావరకు సరి గుంటల్లోనే ఉన్నాయి. మొదట ఎక్కడున్నాయో వాటికి ‘గుర్తుంది’. ఆ గుర్తు ఎంతకాలం నిలుస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

డబ్బు కట్టక ముందే చేసి చూడండి

ఇదంతా నమ్మమని నేను చెప్పను. ఫోన్‌లోనే ఉచితంగా దొరికే గూగుల్ కోలాబ్ తెరిచి, పైథాన్‌లో ఇరవై లైన్లు రాస్తే మీకే కనిపిస్తుంది.

ఒకటి: 400 వరసలు, 400 నిలువులు ఉన్న మ్యాట్రిక్స్ తీసుకోండి. కర్ణానికి రెండు పక్కలా ఆనుకుని ఉన్న గళ్లలో 1 వెయ్యండి. కర్ణం మీద ఒక్కో గడిలో బొమ్మా బొరుసూ వేసి 0 లేదా 1 పెట్టండి. మిగతావి సున్నాలే. ఐగెన్ వెక్టర్లు కనుక్కుని, వాటి వర్గాలను గ్రాఫ్ గీయండి. ఒక్కోటీ ఏదో ఒక మూల ముడుచుకుని కనిపిస్తుంది. అదే ఆండర్సన్.

రెండు: ఇప్పుడు బొమ్మ పడితే 1, 1 అని జంటగా, బొరుసు పడితే ఒక్క 0 పెట్టండి. ఐగెన్ విలువ 1కి దగ్గరగా ఉన్న వెక్టర్లు చూడండి. ఈ చివర నుంచి ఆ చివరికి పరుచుకుని ఉంటాయి. ఇలాంటివి గుంటల సంఖ్యకు వర్గమూలం లెక్కన పెరుగుతాయి. 400కి ఇరవై తరహాలో అన్నమాట.

మూడు: కర్ణం మీద బొమ్మా బొరుసూ తీసేసి కొసైన్ పెట్టండి. గుంట నంబరును 0.618తో, రెండు పైతో గుణించి దాని కొసైన్ తీసుకోండి. దాన్ని ఒకసారి 1.5తో, ఇంకోసారి 2.5తో గుణించి చూడండి. మొదటిదానిలో అన్నీ పరుచుకుంటాయి, రెండోదానిలో అన్నీ ముడుచుకుంటాయి. మధ్యలో ఉన్న 2 ఎక్కడిదో ఇప్పుడు మీకు తెలుసు.

ఆ తర్వాత కోర్సు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లి ఒకే ప్రశ్న అడగండి: ‘‘జంటలుగా పెడితే అల ఎందుకు పారుతోంది?’’ నల్లబల్ల మీద గీసి చెప్పారా, చేరండి. ‘‘అవన్నీ తర్వాత చెప్తాం, ముందు ఫీజు కట్టు’’ అన్నారా, ఆ డబ్బుతో లీనియర్ ఆల్జీబ్రా పుస్తకం ఒకటి కొనుక్కోండి. చాలా మిగులుతుంది కూడా!